పాలేరు మీద సీగల్: తల కాదు, రెక్క కొన చూడండి

డిసెంబరు మొదలైందంటే నా ఫోనులోకి తెల్ల పిట్టలు దిగుతాయి. పాలేరు కట్ట మీద బండి ఆపి తీసిన ఫొటో ఒకటి, వైరా జలాశయం దగ్గర తీసిన వీడియో ఒకటి, మా తిరుమలాయపాలెం మండలంలో ఆకేరు ఒడ్డున తీసిన మసక బొమ్మ ఇంకొకటి. అన్నింటి కిందా ఒకటే మాట: "సార్, సీగల్ వచ్చింది!" పంపేవాళ్లలో టీచర్లున్నారు, కాలేజీ పిల్లలున్నారు, ఇప్పుడు డ్యూటీలో ఉన్న బీట్ ఆఫీసర్లూ ఉన్నారు. ఫొటో పెద్దది చేసి చూస్తే చాలాసార్లు అది సీగల్ కాదు, టర్న్. వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నాకిష్టం ఉండదు. కానీ పేరు తప్పు పడితే లెక్కంతా తప్పుతుంది. ఫోనులో ఒక్కొక్కరికీ చెప్పేదేదో ఇక్కడ ఒక్కసారే చెప్తాను.

నేను అటవీ శాఖలో చేరినప్పుడు మా ఉద్యోగం పేరు ఫారెస్ట్ గార్డు. తర్వాత అదే బీట్ ఆఫీసర్ అయింది. సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాను. కిన్నెరసాని, పాల్వంచ, భద్రాచలం, దుమ్ముగూడెం వైపే సర్వీసు ఎక్కువ. టేకు దుంగల వెంట పడడం, పోడు తగాదాల్లో మధ్యన నిలబడి ఇద్దరి చేతా తిట్లు తినడం, ఎండాకాలం మంటలార్పడం, ఇదీ మా పని. పక్షుల లెక్కనేది జనవరిలో వచ్చిపడే అదనపు పని. తోటివాళ్లు దాన్ని తప్పించుకునేవాళ్లు. నేను అడిగి వేయించుకునేవాణ్ని. అడవిలో ఎవరో ఒకరితో తగువు లేకుండా గడిచే రోజులు ఆ నాలుగే.

ముందు సీగల్ అవునా కాదా అన్నది తేల్చాలి. మనకు నీటి మీద తెల్లగా కనబడేదల్లా కొంగ. కొంగ కాకపోతే సీగల్. ఈ రెంటి మధ్య టర్న్ అనే పెద్ద కుటుంబం ఉందని చాలామందికి తెలియదు. పాలేరులో, వైరాలో, గోదావరిలో నీటిపైన ఎగిరే తెల్లటి పిట్టల్లో ఎక్కువ భాగం వాళ్లదే. టర్న్ ఎగురుతున్నప్పుడు ముక్కు కిందికి ఉంటుంది, చూపు నీళ్లలో ఉంటుంది. ఒకచోట రెక్కలాడిస్తూ ఆగి, ఉన్నట్టుండి నిలువునా నీళ్లలో పడుతుంది. లేచేసరికి ముక్కులో చేప. సీగల్ ముందుకు చూస్తూ ఎగురుతుంది, రెక్క ఊపు నిదానంగా ఉంటుంది. టర్న్ తోక చీలి ఉంటుంది, సీగల్ తోక అంచు గుండ్రంగా ఉంటుంది. టర్న్ ముక్కు సన్నగా సూటిగా పోతుంది, సీగల్ ముక్కు లావుగా ఉండి కొన దగ్గర కిందికి వంగుతుంది.

ఇవన్నీ చూడడానికి బైనాక్యులర్ కావాలి. అది లేనివాళ్లకు ఒక సులువైన గుర్తుంది: నీళ్ల మీద తేలుతూ కూర్చుని ఉంటే దాదాపుగా సీగలే. టర్న్ అలా కూర్చోవడం అరుదు. దానికి బండరాయో, ఇసుక మేటో, వలకు కట్టిన కర్రో కావాలి.

పాలేరులో పుట్టి మీద వల వేసే ఒక పెద్దాయన దీన్ని నాకంటే బాగా చెప్పాడు. "సారూ, పొడుగు తోకది సొంతంగ చేప పడతది. గీ లావుది పట్టదు. పట్టినోని దగ్గర గుంజుకుంటది" అన్నాడు. లావుది కూడా చేప పడుతుంది, అంత అన్యాయం లేదు. కానీ టర్న్ నోట్లోది లాక్కోవడానికి దాని వెంట పడడం, వల గుంజే చోట చుట్టూ తిరిగి జారిపడిన పరికెల్ని ఏరుకోవడం, ఒడ్డున పారేసిన చేప పేగుల కోసం వాలడం సీగల్‌కు అలవాటు. పుస్తకం ఎన్నడూ తెరవని మనిషి నడవడిని బట్టి రెండు కుటుంబాల్ని విడదీశాడు. నేను ట్రైనింగులో కొత్తవాళ్లకు మొదట చెప్పేది ఆయన మాటే.

సీగల్ అని తేలింది. ఇప్పుడు ఏ సీగల్? మన దగ్గర లోతట్టు జలాశయాల్లో శీతకాలం కనబడే అవకాశం ఎక్కువున్నది బ్రౌన్ హెడెడ్ గల్. దానికి దగ్గరి పోలికున్నది బ్లాక్ హెడెడ్ గల్. పేర్లు విని అందరూ తల చూస్తారు. అక్కడే చిక్కు. ఆ గోధుమరంగు తల, ఆ నల్ల తల గుడ్లు పెట్టే కాలానికే. మన దగ్గరికి వచ్చేసరికి రెండింటి తలా తెల్లబడిపోతుంది. కంటి వెనక ఒక నల్ల చుక్క మిగులుతుంది, అంతే. అది కూడా రెండింటికీ ఉంటుంది. రెండింటికీ కాళ్లు ఎరుపు, ముక్కు ఎరుపు, ముక్కు కొన నలుపు. డిసెంబరులో తల చూసి పేరు పెట్టడమంటే గుండు చేయించుకున్నవాళ్లను జుట్టు రంగుతో గుర్తుపట్టడమే.

నాకు ఈ విద్య అబ్బింది కాకినాడలో. ఉమ్మడి రాష్ట్రంలో శాఖ ఒకటే కదా, కొందరిని కోరింగ అభయారణ్యంలో శిక్షణకు పంపారు. మడ అడవుల్లో క్లాసు కంటే కుంభాభిషేకం రేవులో గడిపిన సాయంత్రాలు ఎక్కువ నేర్పాయి. పడవలు వచ్చి చేపలు దించుతుంటే పైన సీగల్స్ కమ్ముకునేవి. మెడ నొప్పెట్టేదాకా చూస్తూ నిలబడితే అక్కడి గార్డు ఒకాయన, మా వయసువాడే, పక్కకు వచ్చి "తలకాయలు చూస్తే లాభం లేదండీ, రెక్క కొనలు చూడండి" అన్నాడు. అంతే, అప్పటిదాకా ఒక్కలా కనబడ్డ గుంపు రెండుగా విడిపోయింది.

బ్రౌన్ హెడెడ్ గల్ రెక్క చాపితే కొన వెడల్పుగా నల్లగా ఉంటుంది. ఆ నలుపులో, చివరి రెండు పెద్ద ఈకల మీద, స్పష్టమైన తెల్ల మచ్చలుంటాయి. పక్షులు చూసేవాళ్లు వీటిని మిర్రర్స్ అంటారు. బ్లాక్ హెడెడ్ గల్‌కు అలా కాదు. రెక్క ముందంచు వెంట పొడుగ్గా తెల్ల పట్టీ సాగి ఉంటుంది, నలుపు చిట్టచివర అంచుకే పరిమితం. మచ్చలు లేవు. రెక్క అడుగు నుంచి చూసినా బ్రౌన్ హెడెడ్ కొన ముదురుగా, మచ్చలతో తెలుస్తుంది. కూర్చున్న పక్షయితే కన్ను చూడాలి. పెద్ద బ్రౌన్ హెడెడ్ గల్ కంటిపాప చుట్టూ లేత పసుపు, దాదాపు తెలుపు. అందుకే దాని చూపు కొంచెం కోపంగా ఉన్నట్టు ఉంటుంది. బ్లాక్ హెడెడ్ కన్ను మొత్తం నల్లగా, సాధువుగా ఉంటుంది. సైజులో కూడా తేడా ఉంది. మొదటిది 41 నుంచి 45 సెంటీమీటర్లు, రెండోది దానికంటే కొంచెం చిన్నది. రెండూ పక్కపక్కన కూర్చుంటే తప్ప ఆ తేడా పనికిరాదు. ఒంటరి పక్షిని దూరం నుంచి చూసి "ఇది పెద్దదిగా ఉంది" అనేవాళ్ల మాట నేను లెక్కలో వేయను.

పిల్ల పక్షులు మాత్రం ఏడిపిస్తాయి. ఆ ఏడాదే పుట్టిన బ్రౌన్ హెడెడ్ గల్‌కు రెక్క కొన నల్లగానే ఉంటుంది గానీ తెల్ల మచ్చలు ఇంకా రావు. కన్ను కూడా లేత రంగుకు తిరగదు. తోక చివర నల్ల పట్టీ ఉంటుంది, రెక్కల పైన గోధుమ రంగు కలిసి ఉంటుంది. అప్పుడు కొన నలుపు ఎంత వెడల్పుంది, ముందంచున తెల్ల పట్టీ ఉందా లేదా అన్న రెండింటి మీదే తేల్చాలి. ఎండ ఎదురుగా ఉంటే ఆ ప్రయత్నమే వద్దు. వెలుతురుకు అడ్డంగా ఎగిరే ప్రతి తెల్ల పిట్టా నల్లగానే కనబడుతుంది. కట్ట మీద సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకుని నిలబడడానికి అర కిలోమీటరు నడవాల్సి వస్తే నడవాలి.

ఇంకొకటి ఉంది, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పల్లాసెస్ గల్. దాన్ని చూస్తే ఎవరూ పొరబడరు. 60 సెంటీమీటర్లు దాటే పొడవు, పసుపు ముక్కు, కొన దగ్గర నలుపు ఎరుపు, ఫిబ్రవరి వచ్చేసరికి కాటుక పూసినట్టు నల్లటి తల. పెద్ద జలాశయాల మీద ఎప్పుడో ఒకటీ అరా కనబడుతుంది. కనబడిన రోజు అందరికీ పండగ.

అందరూ అడిగే ప్రశ్న వేరే ఉంది. "సముద్రం పక్షికి మన ఊళ్లో ఏం పని సార్? దారి తప్పిందా?" తిరుమలాయపాలేనికి సముద్రం 150 కిలోమీటర్లకు పైనే. అడగడంలో తప్పులేదు. కానీ ఈ పక్షి పుట్టింది సముద్రం దగ్గర కాదు. బ్రౌన్ హెడెడ్ గల్ గూడు పెట్టేది మధ్య ఆసియా పీఠభూముల మీది సరస్సుల్లో: టిబెట్, చైనాలోని చింగ్‌హై, తజికిస్తాన్, మన దేశంలో లద్దాఖ్. అక్కడి త్సో మొరిరి, త్సో కర్ సరస్సులు సముద్ర మట్టానికి 4,500 మీటర్ల ఎత్తున ఉంటాయి. రెండూ రామ్‌సర్ గుర్తింపు ఉన్న చిత్తడి నేలలు. లద్దాఖ్ నుంచి మన జిల్లాకు నేరుగా కొలిచినా సుమారు 1,700 కిలోమీటర్లు. అక్కడ సరస్సులు గడ్డకట్టే ముందు, అక్టోబరు ప్రాంతంలో, ఇవి కిందికి దిగుతాయి. మార్చి, ఏప్రిల్‌లో తిరిగి వెళ్తాయి. వెళ్లేముందు కొన్నిటికి తల గోధుమ రంగుకు తిరగడం మొదలవుతుంది. అంటే ఆ పేరుకు తగ్గ తల మనం చూడగలిగేది వాటి చివరి వారాల్లోనే.

విశాఖ, కాకినాడ, కృష్ణా ముఖద్వారం, పులికాట్, అటు శ్రీలంక, బర్మా, థాయ్‌లాండ్ తీరాలు, ఇవి వాటి శీతకాలపు తావులు. లోతట్టున పెద్ద నీరుంటే అక్కడా ఆగుతాయి. సరస్సులో పుట్టిన పక్షి జలాశయం మీద వాలితే దారి తప్పినట్టు ఎలా అవుతుంది? దానికి కావలసింది విశాలమైన నీరు, చిన్న చేపలు, రాత్రి కుక్కా నక్కా రాని చోటు. పాలేరులో మూడూ ఉన్నాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు అందులోకి చేరతాయి. నిండితే 23 అడుగులు. చేపలకు, రొయ్యలకు పేరున్న జలాశయం, మత్స్య పరిశోధన కేంద్రం కూడా అక్కడే. 2016లో మొదలుపెట్టి 2017 జనవరిలో ప్రారంభించిన భక్త రామదాసు ఎత్తిపోతల వచ్చాక ఆ నీళ్లే మా తిరుమలాయపాలెం మండలం చెరువులకూ ఎక్కుతున్నాయి. నా చిన్నప్పుడు సంక్రాంతికి ఎండిపోయి పిల్లలు క్రికెట్ ఆడిన చెరువుల మీద ఇప్పుడు జనవరిలో బాతుల్ని లెక్కపెట్టాను. సీగల్స్ మాత్రం పాలేరు వదిలి ఆ చిన్న చెరువులకు రావడం నేను చూడలేదు. వాటికి విశాలం కావాలి.

బ్రౌన్ హెడెడ్ గల్‌కు శాస్త్రీయ నామం పెట్టినవాడు జెర్డాన్, 1840లో. మద్రాసు సైన్యంలో డాక్టరు. నెల్లూరులోనూ పనిచేశాడు. మన కడప కలివికోడిని ఇంగ్లీషులో ఆయన పేరుతోనే పిలుస్తారు. అంతరించిందనుకున్న ఆ కలివికోడి 1986లో మళ్లీ దొరికినప్పుడు దేశమంతా జెర్డాన్ పేరు మోగింది. ఆయన పేరు పెట్టిన సీగల్ ఏటా మన రేవుల్లో వేలల్లో వాలుతున్నా ఎవరికీ పట్టదు. ఎక్కువగా దొరికేదానికి విలువ తక్కువ, ఇది పక్షులకూ తప్పలేదు.

లెక్క ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. అన్ని దేశాల్లో ఇంచుమించు ఒకే పక్షం రోజుల్లో లెక్కించడం వల్ల ఒకే పక్షిని రెండుచోట్ల లెక్కపెట్టే ప్రమాదం తగ్గుతుంది. మంచు విడిచేసరికి కట్ట మీద ఉండాలి. స్కోపు ఒకరి దగ్గర, కాగితం ఇంకొకరి దగ్గర. గుంపు పెద్దదయితే ముందు పది పక్షుల్ని విడిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో కంటికి పట్టించుకుని, ఆ కొలతతో మిగతా గుంపును కొలుచుకుంటూ పోవాలి. సీగల్స్‌కు ఇది అవసరం పడదు, అవి మా దగ్గర ఎప్పుడూ కొద్దిపాటే. నామం కోడ్లకు, బాతులకు పడుతుంది.

ఆ ఫారంలో నాకు బాగా నచ్చేది "గుర్తుపట్టని గల్స్" అనే గడి. కుర్రాళ్లు దాన్ని నింపడానికి సిగ్గుపడతారు, తెలియదని ఒప్పుకున్నట్టు ఉంటుందని. నేను ఎదురు చెప్పేవాణ్ని. దూరంగా తేలుతున్న ఏడింటిలో మూడింటి రెక్కలే కనబడితే, మూడు బ్రౌన్ హెడెడ్, నాలుగు గుర్తుపట్టనివి అని రాయండి. ఆ కాగితానికి విలువ ఉంటుంది. ఏడూ బ్రౌన్ హెడెడ్ అని రాస్తే ఆ కాగితం నేను నమ్మను.

పై నుంచి ఒత్తిడి వేరే రకం. ఒక ఏడాది ఒక అధికారి మా అంకెలు చూసి "పోయినేడు కంటే తగ్గినట్టు చూపిస్తే ఎట్లయ్యా, మనమేం పని చేయనట్టు ఉండదా" అన్నారు. పక్షులకు మన పనితీరు నివేదికతో సంబంధం లేదు. అవి ఆ ఏడాది ఎక్కడ చేప దొరికితే అక్కడ ఉంటాయి. అంకె మార్చకుండానే సంతకం పెట్టి పంపాను. తగ్గితే తగ్గినట్టు తెలియడానికే కదా లెక్క.

ఇంతా చెప్పి, నా పక్షపాతం సీగల్ వైపు కాదని ఒప్పుకోవాలి. సీగల్ శీతకాలం వచ్చిపోయే పక్షి. దాని సంఖ్య ప్రపంచంలో ఏమీ ఆందోళనకరంగా లేదు. జనం దానిగా పొరబడే రివర్ టర్న్ మాత్రం ఇక్కడే పుట్టి ఇక్కడే బతికే మన నది పక్షి. దాన్ని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పున్న జాతుల్లో చేర్చింది. పసుపు ముక్కు, ఎర్ర కాళ్లు, గుడ్లు పెట్టే కాలంలో నల్లటి టోపీ, బాగా చీలిన పొడుగు తోక. ఎవరో దాని ఫొటో పంపి "సీగల్" అన్నప్పుడల్లా నాకు భద్రాచలం దగ్గరి ఇసుక తిన్నెలు గుర్తొస్తాయి.

రివర్ టర్న్ ఫిబ్రవరి నుంచి మే దాకా, గోదావరి తగ్గి ఇసుక బయటపడ్డాక, ఆ ఇసుకలోనే చిన్న గుంట చేసి రెండో మూడో గుడ్లు పెడుతుంది. గూడంటూ ఉండదు. గుడ్ల మీద మచ్చలు ఇసుకలో కలిసిపోయి అడుగు దూరంలో ఉన్నా కనబడవు. దుమ్ముగూడెం దిగువన మొదటిసారి ఒక మేట ఎక్కబోతుంటే మా కోయ వాచర్ చెయ్యి పట్టి ఆపాడు. "సార్, కాలు తీసి కాలు పెట్టకండి. పైన అరుస్తున్నాయి చూడండి, కింద గుడ్లున్నట్టే." తలెత్తితే నిజంగానే నాలుగైదు పక్షులు మా నెత్తిన తిరుగుతూ దాడికి వస్తున్నాయి. భద్రాచలం మే నెల ఎండ సంగతి తెలిసిందే. ఆ వేడిలో తల్లి పక్షి నదికి వెళ్లి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చోవడం ఆ వాచరే చూపించాడు. మనం అక్కడ పావుగంట నిలబడితే అది పావుగంట దిగదు. గుడ్లు ఉడికిపోవడానికి ఆ పావుగంట చాలు.

వరద గోదావరికి కొత్త కాదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరడం జిల్లాలో పెద్దవాళ్లెవరూ మరిచిపోలేదు. 2022 జులైలో మళ్లీ 71.3 అడుగులు వచ్చింది. ప్రతి పెద్ద వరదా మేటల్ని చెరిపి కొత్తచోట వేస్తుంది. టర్న్‌లు కొత్తచోటు వెతుక్కుంటాయి. వరద వచ్చేది పిల్లలు ఎగిరిపోయాక కాబట్టి దానివల్ల నష్టం లేదు. నష్టమంతా ఎండాకాలంలోనే: ఎగువ నుంచి చెప్పాపెట్టకుండా వదిలే నీళ్లు, ఇసుక లారీలు, ఊరి కుక్కలు, పశువుల గిట్టలు, సెల్ఫీల కోసం మేట దాకా నడిచొచ్చేవాళ్లు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక కూనవరం, వి.ఆర్.పురం వైపు మేటలు మా పరిధి దాటిపోయాయి. పక్షులకు ఆ సరిహద్దు తెలియదు గానీ గస్తీకి తెలుస్తుంది. రెండు రాష్ట్రాల సిబ్బంది ఎండాకాలంలో ఒక్కసారైనా కలిసి ఆ మేటలన్నీ తిరిగి ఒకే కాగితం మీద రాసుకుంటే బాగుండేదని సర్వీసులో ఉండగా అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను.

ఫొటోలు పంపేవాళ్లకు నా మనవి ఇంతే. పంపండి, మానకండి. కూర్చున్న పక్షి ఒక్కటి కాకుండా రెక్కలు చాపిన ఫొటో కూడా ఒకటి జతచేయండి, తారీకు, జలాశయం పేరు రాయండి. అది పసుపు ముక్కు పక్షయి, ఫిబ్రవరికీ మేకీ మధ్య ఇసుక మీద కూర్చుని ఉంటే మాత్రం ఫొటో కోసం దగ్గరికి పోకండి. మీ వెంట కుక్క ఉంటే ముందు దాన్ని వెనక్కి పిలవండి. ఆ మేట ఎక్కడుందో మీ బీట్ ఆఫీసరుకు చెప్పండి.